పై అధికారికి వినిపించని మాట

ఆసుపత్రిలోనైనా, కర్మాగారంలోనైనా ప్రమాదం పొంచి ఉన్నదని ముందుగా గ్రహించేది చాలాసార్లు పై అధికారి కాదు, పనికి దగ్గరగా ఉన్న కింది ఉద్యోగి. అయితే ఆ గ్రహింపు మాటగా మారి, నిర్ణయం తీసుకునే వ్యక్తి చెవిన పడేలోగా ఎక్కడో ఆగిపోతుంది. దీనిని మనుషుల స్వభావదోషంగా వదిలేయక, పరిశీలించి సరిదిద్దదగిన విషయంగా స్వీకరించిన రంగాలలో విమానయానం ముఖ్యమైనది.

1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో దిగవలసిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173వ నంబరు విమానంలో, చక్రాలు దించే వేళ పెద్ద చప్పుడు వినిపించడంతో, కెప్టెన్ ఆ లోపాన్ని పరిశీలిస్తూ, ప్రయాణికులను అత్యవసర ల్యాండింగుకు సిద్ధం చేయిస్తూ దాదాపు గంటసేపు గాలిలోనే ఉండిపోయాడు. ఇంధనం తరిగిపోతున్న సంగతిని కో-పైలట్, ఇంజన్లనూ ఇంధనాన్నీ కనిపెట్టి ఉండే ఫ్లైట్ ఇంజనీరు ప్రస్తావించారు గాని, ఇక తక్షణం దిగక తప్పదని నిక్కచ్చిగా చెప్పలేదు. ఇంజన్లు ఆగిపోయి విమానం నగర శివారులో కూలగా, అందులోని 189 మందిలో 10 మంది మరణించారు. చక్రాలు నిజానికి సరిగానే దిగి ఉన్నాయి! దర్యాప్తు నివేదిక ఇంధనాన్ని గమనించకపోవడాన్ని, సిబ్బంది సూచనలకు స్పందించకపోవడాన్ని కెప్టెన్ తప్పుగా తేల్చడంతో ఆగక, తమ ఆందోళనను అతనికి బోధపడేలా తెలియజేయలేకపోవడాన్ని మిగిలిన ఇద్దరి లోపంగా కూడా పేర్కొన్నది.

హోదాలో ఎక్కువ తక్కువలున్నవారి మధ్య ఏర్పడే ఈ ఎత్తుపల్లాన్ని అధికారపు వాలు అనవచ్చు. వాలు మరీ నిటారుగా ఉంటే కింది మాట పైకి ఎక్కదు. మరీ చదునైతే చివరి నిర్ణయం ఎవరిదో తేలదు. 1979లో నాసా నిర్వహించిన సదస్సులో రూపుదిద్దుకొని, 1981లో యునైటెడ్ సంస్థ అమలులోకి తెచ్చిన క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ ఈ వాలును సవరించడానికే పుట్టింది. అభ్యంతరాన్ని ధిక్కారంగా తీసుకోకుండా సలహా అడగడం కెప్టెన్‌కు నేర్పుతూనే, అనుమానాన్ని నసగక ముందు ప్రశ్నగా, తరువాత హెచ్చరికగా, అప్పటికీ ఫలితం లేకుంటే చేయవలసిన పనిగా చెప్పడం కింది పైలట్‌కు నేర్పుతారు. వినయం మాత్రమే చాలదని గుర్తించడమే ఈ శిక్షణలోని గొప్పదనం.

ఇదే సమస్య ఆసుపత్రులలోనూ ఉన్నది. అక్కడ మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించి పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన ఫలితాలు మొదట తలకిందులుగా తోచాయి: మంచి నాయకత్వం, సఖ్యత ఉన్న నర్సింగు బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేయడం లేదు, జరిగిన తప్పును దాచకుండా చెప్పగలుగుతున్నాయన్న వివరణ వైపు ఆమె మొగ్గింది. నోరు విప్పినందుకు అవమానమో శిక్షో ఎదురుకాదన్న నమ్మకం బృందమంతటికీ ఉండటాన్ని 1999లో ఆమె మానసిక భద్రతగా నిర్వచించింది. కనుక నమోదైన పొరపాట్ల సంఖ్యను బట్టి విభాగాలను మందలించే మేనేజరు, తెలియకుండానే వాటిని దాచిపెట్టడం నేర్పుతున్నాడనే చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో, కోత పెట్టడానికి ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, బాధ్యత చెప్పుకోవాలన్న అంశం ఉన్నది. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రులలో ఆ జాబితాను ప్రయోగించినప్పుడు మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. జాబితాలో అనేక అంశాలున్నందున ఈ తగ్గుదలంతా పరిచయాల ఫలితమే అనలేము. అయితే ఆపరేషనుకు ముందే ఒకసారి గొంతు వినిపించిన నర్సు, మధ్యలో తేడా కనిపిస్తే సర్జన్‌ను ఆపడానికి అంతగా జంకదన్న ఆలోచన కూడా ఆ అంశం వెనుక ఉన్నది.