హాలోవీన్ నాటి పులివేషం

అక్టోబరు వచ్చిందంటే మన ఇళ్ళలో పిల్లల పోరు మొదలవుతుంది, "అమ్మా, హాలోవీన్‌కు నాకేం వేషం?" అని. మేముండే బెంటన్‌విల్ 1950లో శామ్ వాల్టన్ ఫైవ్ అండ్ డైమ్ దుకాణం తెరిచిన ఊరు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఇలాంటి ఊళ్ళో రెడీమేడ్ వేషాలకు కొరతా? అయినా కిందటేడు మా ఏడేళ్ళవాడికి వేషం ఇంట్లోనే కుడదామనుకున్నాను. "అందరూ కొన్నవే వేసుకుంటారు, నన్ను చూసి నవ్వుతారు" అని వాడు ముఖం ముడుచుకున్నాడు.

ఆ ఆదివారం ఫోనులో మా నాన్నగారు మనవడికి పులివేషం సంగతి చెప్పారు. దసరా రోజుల్లో ఒంటికి పసుపుపచ్చ రంగు, దానిమీద నల్లచారలు పూసుకుని, డప్పుల మోతకు అడుగులేస్తూ వీధివీధీ తిరిగేవారట.

"ఇంటింటికీ వెళ్తే ఏమిచ్చేవాళ్ళు తాతయ్యా?"

"డబ్బులో, బియ్యమో ఇచ్చేవాళ్ళురా."

"అయితే అదీ హాలోవీనే!" అన్నాడు మావాడు. పంతం సగం సడలింది.

మొదట నా పాత పసుపుపచ్చ నూలుచీర కత్తిరించబోయాను. అంతలో గుమ్మాల్లో గుమ్మడికాయల లోపల వెలిగే కొవ్వొత్తులు గుర్తొచ్చాయి. వదులుగా వేలాడే నూలుబట్ట ఇట్టే అంటుకుంటుంది. పాలియెస్టర్, నైలాన్ బట్టలు అంత తొందరగా అంటుకోవు. అందుకని ఒంటికి పట్టి ఉండే పాలియెస్టర్ చొక్కా, పంట్లాము తీసుకున్నాను. లోపల స్వెట్టరు పట్టేలా ఒక సైజు పెద్దది కొన్నాను, అక్టోబరు చివర ఇక్కడ రాత్రిళ్ళు చలి కదా. నల్ల ఫెల్టు చారలు వాడే కత్తిరించాడు, నేను కుట్టాను. పాత మేజోడులో గుడ్డపీలికలు కూరితే తోక అయింది. మొదట అది నేలమీద ఈడ్చుకుంటూ కాళ్ళకు అడ్డం పడింది. మోకాలిదాకా తగ్గించి, చీకట్లో కార్లవాళ్ళకు కనబడేలా మెరిసే టేపు చుట్టాం. ముసుగు పెడితే కళ్ళకు అడ్డమని ముఖానికి రంగే వేశాం. ఆ రంగు ముందురోజే చేతిమీద కాస్త రాసి చూశాను, దద్దుర్లు రాలేదు.

పండుగనాడు మూడో ఇంటి దగ్గర ఒక పెద్ద కుర్రాడు, "ఇదెక్కడ కొన్నావ్?" అన్నాడు. నా గుండె గుభేలుమంది. మావాడు ఒక్క క్షణం ఆగి, "కొనలేదు, చారలు నేనే కత్తిరించా" అని, తాతయ్య చెప్పినట్టు రెండడుగులు వేసి తోక ఊపాడు. ఆ కుర్రాడు తోక పట్టుకు చూసి, "బాగుందే!" అన్నాడు.

చారలు కూడా నేనే కత్తిరించి ఉంటే వాడేం చెప్పేవాడు? కుట్టు వంకరైనా ఫరవాలేదు, వేషంలో పిల్లల చెయ్యి ఉండాలి.

ఈ పండుగ కూడా వలస వచ్చిందే. ఐర్లండు, స్కాట్లండుల నుంచి పందొమ్మిదో శతాబ్దంలో వచ్చినవారు తమతో తెచ్చుకున్నారు. అక్కడ టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవారు. ఇక్కడికొచ్చాక గుమ్మడికాయ అందుకున్నారు. వాళ్ళు దుంప మార్చుకున్నట్టే మనమూ ఒక పులిని చేరిస్తే తప్పేముంది?

ఈ ఏడు మా అమ్మాయి గంగిరెద్దు కావాలంటోంది. కొమ్ములు నిలబెట్టే ఉపాయం తెలిసినవారు దయచేసి వచ్చే సంచికకు రాయండి.