కుక్కల హాస్టలుకు చేను కావాలంటున్నారా? అడ్వాన్సుకు ముందే ఇవి చూడండి

బెంగళూరు అపార్టుమెంట్లలో కుక్కలను పెంచేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. కుక్క పరుగెత్తడానికి జాగా ఉండదు. ఇంటిల్లిపాదీ ఊరికి పోతే దాన్ని చూసుకునే దిక్కుండదు. అందుకే రోజూ కుక్కల్ని తిప్పుకొచ్చే పని, నాలుగు రోజులు ఉంచుకొని తిండి పెట్టే కుక్కల హాస్టళ్లు అక్కడ బతుకుతెరువులయ్యాయి. ఆ నగరం చుట్టుపక్కల భూమి ధర అందకుండా పోయింది. కాబట్టి చిలమత్తూరు, హిందూపురం, పెనుకొండ వైపు ఎవరైనా కారు దిగి "అన్నా, రోడ్డు పక్క రెండెకరాలు ఇస్తావా" అని అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. బెంగళూరులో ఆ పని నేర్చుకొచ్చిన మీ కొడుకే "నాయనా, ఎకరా కొందాం" అనవచ్చు కూడా.

వినడానికి నవ్వొస్తుంది గానీ ఇది నవ్వులాటగా తీసేసే పని కాదు. ఇంగ్లండులో రైతులు పొలం చుట్టూ ఎత్తయిన కంచె వేసి, కుక్కల్ని వదలడానికి గంటల లెక్కన అద్దెకిస్తున్నారు. పొలం సొంతమే అయినా, పంట మాని ఈ పనికి పెడితే వినియోగ మార్పు కింద అక్కడి ప్రణాళికా శాఖ అనుమతి తీసుకోవలసి వస్తుంది. మన దగ్గర రూలు వేరే గానీ సూత్రం అదే. చేను మీదే అయినంత మాత్రాన అందులో ఏదైనా చేయవచ్చని కాదు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది అది ఏ రకం భూమి అన్నది. మన జిల్లాలో తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. అడంగల్, 1-బీ నకళ్లు మీభూమిలో తీయించండి. పట్టా భూమి అయితే సరే. డీకేటీ, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమి అయితే ఆగండి. 1977 నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం దాన్ని అమ్మడమే కాదు, తాకట్టు పెట్టడం, లీజుకివ్వడం కూడా చెల్లదు. కొన్నవాడికి హక్కు రాదు. తహశీల్దారు ఆ భూమిని వెనక్కు తీసుకోవచ్చు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగు భూములను అమ్ముకునే వీలు కల్పించారు. 2024లో ప్రభుత్వం మారాక, అట్లా ఫ్రీహోల్డు చేసిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు పెట్టారు. "ఇరవై ఏళ్లు దాటింది కదా, ఏమీ కాదులే" అనే దళారి మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి, తీసుకోకండి. మీ సర్వే నంబరు సంగతి తహశీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడమే మార్గం.

రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ జాబితాను కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చూడాలి. దేవాదాయ, వక్ఫు, సీలింగు మిగులు, ప్రభుత్వ భూములు అందులో ఉంటాయి. పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినవి చుక్కల భూములు. వాటిని సరిదిద్దడానికి 2017లో వేరే చట్టమే చేశారు. తాతల కాలం నుంచి దున్నుతున్న చేను కూడా ఆ జాబితాలో తేలవచ్చు. ఈసీ తీయించండి. రీసర్వే జరిగిన ఊరైతే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్పీఎం నంబరు, విస్తీర్ణం సరిపోతున్నాయో లేదో చూడండి. సెంట్లలో తేడా వస్తే కంచె వేసే రోజు గట్టు పక్కవాడితో గొడవే.

కాగితం శుభ్రంగా ఉంటే తరువాతి మాట భూ వినియోగం. కుక్కల షెడ్లు, గదులు, కార్లు నిలిపే స్థలం వ్యవసాయం కిందికి రావు. 2006 నుంచి నాలా చట్టం కింద పన్ను కట్టి భూమిని వ్యవసాయేతరంగా మార్పించుకునే పద్ధతి నడిచింది. 2025లో ప్రభుత్వం ఆ చట్టాన్ని తీసివేయాలని నిర్ణయించి, రుసుమును లేఅవుటు, భవన అనుమతులతో కలిపి కట్టించుకునే దారి పట్టింది. కాబట్టి "నాలా చేయించి పెడతా, ఇంత ఇవ్వు" అనేవాడు దొరికితే జేబు జాగ్రత్త! షెడ్డుకు పంచాయతీ అనుమతి 1994 పంచాయతీరాజ్ చట్టం కింద తప్పదు. మీ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరు ఏ జోనులో ఉందో ముందే అడగండి. గ్రీన్ జోనులో కొని, తరువాత మార్పిద్దాంలే అనుకుంటే ఏళ్లు పడుతుంది.

చిన్న రైతు ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. ఉచిత కరెంటు వ్యవసాయ మోటారుకే. ఆ సర్వీసుతో కుక్కల గదులకు లైట్లు, ఫ్యాన్లు తిప్పితే కేసు అవుతుంది. వేరే కేటగిరీ సర్వీసు తీసుకోవాలి, బిల్లు కట్టాలి. సాగు మానిన భూమికి పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు రావు, పంటల బీమా ఉండదు. బోరు సంగతి మరీ ముఖ్యం. గదులు కడగడానికీ, కుక్కల స్నానాలకూ రోజూ నీళ్లు కావాలి. 2002 వాల్టా చట్టం కింద కొత్త బోరుకు అనుమతి కావాలి. భూగర్భ జలం అడుగంటిందని ప్రకటించిన ఊళ్లలో తాగునీటికి తప్ప అది దొరకడం కష్టం. వేరుశనగకే తడి అందని చోట ఎవరి బోరు ఎండిపోయినా నింద హాస్టలు మీదికే వస్తుంది.

కంచె కూడా లెక్కలోకి తీసుకోండి. మనది గొర్రెల సీమ. ఒక్క కుక్క తప్పించుకొని మందలో పడితే నష్టం ఎవరు కడతారు? కళ్యాణదుర్గం, మడకశిర గుట్టల దగ్గరైతే చిరుతల భయం కూడా ఉంది. కుక్క చిరుతకు ఇష్టమైన వేట. కుక్కలన్నిటికీ రేబిస్ టీకాలు వేయించి కార్డులు ఉంచాలి. ఉంచుకోవడమే కాక పిల్లల్ని పుట్టించి అమ్మేట్టయితే, 2017 కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు.

అమ్మడం కంటే లీజుకివ్వడం మేలనుకునే పట్టాదారులు చాలామంది ఉంటారు, నా అభిప్రాయమూ అదే. అయితే 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టంలోని 11 నెలల ఒప్పంద పత్రం పంట పెట్టేవాడికే. కుక్కల హాస్టలుకు అది పనికిరాదు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలి. అందులో బోరు నీళ్లు ఎవరివి, గడువు తీరాక షెడ్లు ఎవరు తీసేయాలి, కాంక్రీటు తవ్వి నేలను మళ్లీ దున్నుకునేట్టు ఎవరు చేసివ్వాలి, బండిదారి ఎటు వదలాలి అన్నవి రాయించండి. లీజు మాట చెప్పి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం అడిగితే మాత్రం పెట్టకండి. దానితో చేను అమ్ముకునే అధికారం కూడా అవతలివాడికి పోవచ్చు.