సాఫ్ట్‌బాల్ నేర్పే స్వచ్ఛంద కోచ్‌లు

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని షికాగోలో ఇండోర్ ఆటగా పుట్టింది. బేస్‌బాల్‌తో పోలిస్తే ఇందులో బంతి పెద్దది, మైదానం చిన్నది. పిచర్ చేతిని కిందినుంచి ఊపి బంతి విసరాలి. 1974లో పిల్లల ఆటల పోటీలు నడిపే లిటిల్ లీగ్ సంస్థ బాలికల కోసం సాఫ్ట్‌బాల్ పోటీలు మొదలుపెట్టింది.

అమెరికాలో ఊరూరా ఉండే పిల్లల జట్లకు ఆట నేర్పేది ఎక్కువగా జీతం తీసుకోని కోచ్‌లే. వీరిలో తల్లిదండ్రులూ ఉంటారు, చిన్ననాటి నుంచి ఈ ఆటను ప్రేమించిన మాజీ క్రీడాకారిణులూ ఉంటారు. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం మైదానానికి వస్తారు. పిల్లల భద్రత దృష్ట్యా లిటిల్ లీగ్‌లో వీరి నేపథ్యాన్ని ఏటా తనిఖీ చేస్తారు.

బ్యాటింగ్ పాఠం తరచుగా నిలువు స్టాండు మీద కదలకుండా ఉంచిన బంతిని కొట్టడంతో మొదలవుతుంది. నేల మీద దొర్లుకొచ్చే బంతిని పట్టాలంటే మోకాళ్లు వంచాలి, గ్లవ్‌ను నేలకు ఆనించాలి, రెండో చేత్తో బంతిని మూయాలి. పిచింగ్ కష్టం. చేయి పూర్తిగా గుండ్రంగా తిరిగి తుంటి దగ్గరికి రాగానే మణికట్టు విదిలించి బంతి వదలాలి. అందుకే మంచి కోచ్ ముందు దగ్గరి నుంచి మణికట్టు విదిలింపు ఒక్కటే సాధన చేయిస్తారు. అది కుదిరాకే చేయి తిప్పడం నేర్పుతారు.

ఓడినా, బంతి జారినా కసరకుండా మళ్లీ ప్రయత్నించమనే కోచ్ దగ్గరే పిల్లలు ఆటలో నిలుస్తారు. జీతం లేని ఈ సేవే పిల్లల సాఫ్ట్‌బాల్‌కు పునాది.