కొండదారి నడకకు తేలికైన వానకోటు

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలము కొండదిగువ తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, సింహగిరి చుట్టును సుమారు 32 కిలోమీటర్లు నడచు జనసమూహమును మన నగరవాసులందరు నెరుగుదురు. అడవివరము, హనుమంతవాక, మద్దిలపాలెము, గోపాలపట్నముల మీదుగా సాగు ఆ గిరిప్రదక్షిణము రాత్రి తెల్లవార్లును జరుగును. వాన తరచుగా వారి వెంటనే నడచును. కొందరు గొడుగు పట్టుదురు, కొందరు ప్లాస్టిక్ పట్టా కప్పుకొందురు, మరికొందరు స్కూటరుపై వాడు దళసరి కోటును తొడుగుకొందురు. తెల్లవారుసరికి కోటు తొడిగినవాడును, తొడుగనివాడును ఇంచుమించు ఒక్కరీతిగనే తడిసియుందురు. ఒకరిని వాన తడిపినది, వేరొకరిని చెమట తడిపినది. నడచువానికి వానకోటు నెన్నుకొనుటలోగల చిక్కంతయు ఇందులోనే యున్నది.

ఈ చిక్కు మన పెద్దలకు తెలియనిది కాదు. ఉత్తరాంధ్ర పల్లెలలో వరినాట్లవేళ తాటాకుతోను, వెదురుబద్దలతోను అల్లిన గిడుగును తలమీదుగా వీపున వేసికొని పనిచేసెడివారు. పైన వాన జారిపోవును, ప్రక్కలనుండి గాలి వచ్చుచుండును. గొఱ్ఱెలకాపరి గొంగడిని ముసుగువలె మడచి కప్పుకొనును. ఉన్నిలో సహజముగానుండు కొవ్వు కొంతసేపు నీటిని నిలువరించును. తడిసిన పిమ్మటను ఉన్ని కొంత వెచ్చదనము నిచ్చును. కాని నానిన గొంగడి బరువును మోయుచు కొండ యెక్కుట యెంత కష్టమో మోసినవారికే తెలియును.

పాశ్చాత్య దేశములలో నీరు చొరని బట్ట గ్లాస్గో నగరమున చార్లెస్ మాకింటోష్ చేతిలో రూపుదిద్దుకొన్నది. ఆయన 1823లో, కరగించిన రబ్బరును రెండు బట్టల నడుమ పూసి అతికించు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ కోటు ఎండకు జిగురుపట్టెడిది, చలికి బిగుసుకొనిపోయెడిది. గంధకముతో రబ్బరును గట్టిపరచు విధమును చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొనిన పిమ్మట ఆ దోషము తీరినది. కాని రెండవ దోషము మిగిలినది. వానను లోనికి రానీయని రబ్బరు చెమటను బయటికి పోనీయదు.

ఈ సంగతిని మేము చదివి నేర్చుకొనలేదు, తడిసి నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆగస్టు మాసమున మేము నలుగురము కిరండూల్ రైలులో బొర్రాగుహల స్టేషనున దిగి, అనంతగిరి కాఫీతోటల వైపు నడచితిమి. ముగ్గురికి స్కూటరు కోటులు. నాలుగవవానికి ఒక పాత గొడుగు. రెండు గంటలు ఎగువకు నడచుసరికి కోటులవారి చొక్కాలు పిండిన నీరుకారునట్లుండెను. మాలో చిన్నవాడు ఉక్క భరింపలేక కోటు విప్పి సంచికి కట్టినాడు. గట్టుమీదికి వచ్చునప్పటికి గాలి వీచినది, వాన హెచ్చినది. పావుగంటలో అతనికి వణకు పుట్టినది, మాట తడబడినది, వ్రేళ్లతో జిప్పును పట్టలేకపోయెను. దిగువనున్న టీకొట్టు ముసలమ్మ అతనిని చూచి, “ముందు ఆ తడిబట్ట ఇప్పించండి బాబూ, టీ తరువాత తాగుదురు గాని” అన్నది. గొడుగువాని సంచిలో ప్లాస్టిక్ కవరునందు చుట్టిన ఆరినచొక్కా యుండుటచే గండము గడచినది. మేమెవ్వరమును పొడిబట్ట తెచ్చుకొనలేదు.

మంచు కురియని మన దేశభాగమున చలివలన ప్రాణాపాయ మేమిటని శ్రోతలు సందేహింపవచ్చును. నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగా ఒంటి వేడిని లాగివేయును. పదునైదు డిగ్రీల వాతావరణమందును, తడిబట్టతో గాలికి నిలిచి, అలసియున్న మనుష్యుని దేహోష్ణము అపాయకరముగా తగ్గవచ్చును. సముద్రమట్టమునుండి ప్రతి వేయి మీటర్ల ఎత్తునకు గాలి యుష్ణము సుమారు ఆరు డిగ్రీలు తగ్గును. మన కొత్తవలస–కిరండూల్ మార్గములోని శిమిలిగూడ స్టేషను సుమారు 996 మీటర్ల ఎత్తున నున్నది. ఉదయము వాల్తేరులో చెమటలు క్రక్కినవాడు మధ్యాహ్నము అక్కడ వణకుటలో ఆశ్చర్యము లేదు.

ఇక కోటు సంగతి. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అను ఆయన, అట్లకాడకు అంటుకొనని పెనములపై పూతగా వాడు పదార్థమునే వేడిచేసి ఒక్కపెట్టున సాగదీయగా, అది అతిసూక్ష్మ రంధ్రములుగల పలుచని పొరగా మారినది. ఆ రంధ్రములు నీటిబొట్టును లోనికి రానీయవు, ఆవిరిని మాత్రము పోనిచ్చును. 1970వ దశాబ్దమున ఈ పొరతో వానకోటులు వచ్చినవి. నేడు అంగళ్లలో దొరకు తేలిక కోటులలో ఇట్టి పొరగాని, పాలియూరిథేన్ పూతగాని యుండును.

వీని చీటీలపై రెండంకెలు వేయుదురు. మొదటిది నీటిని ఆపు శక్తి. 10,000 మిల్లీమీటర్లు అని యున్నచో, ఆ బట్టపై పది మీటర్ల నీటిస్తంభము నిలిపినంత ఒత్తిడివరకు నీరు చొరదని అర్థము. వానచినుకుకు ఇంత శక్తి యుండదు. కాని వీపుసంచి పట్టెడలు భుజములను ఒత్తుచోట, తడినేలపై కూర్చుండునపుడు ఒత్తిడి హెచ్చును. మన నడకలకు ఈ అంకె చాలును. ఇరువదివేలకై అధికమూల్య మీయ నక్కరలేదు.

రెండవ అంకె ఆవిరిని వదలు శక్తి. ఇక్కడనే జాగ్రత్త కావలెను. చదరపు మీటరునకు ఇరువదినాలుగు గంటలలో 10,000 గ్రాములని యున్నదనుకొందము. గంటకు 417 గ్రాములగును. కోటు విస్తీర్ణము ఒకటిన్నర చదరపు మీటర్లనుకొన్నను గంటకు సుమారు 625 గ్రాములు. బరువుతో కొండ యెక్కువాని చెమట గంటకు అరలీటరునుండి లీటరువరకు ఉండవచ్చును. పైగా వీపుభాగమును సంచి మూసివేయును. అంతకంటె ముఖ్యమైనది, ఆ అంకె ప్రయోగశాలలోనిది. లోపల ఆవిరి హెచ్చుగాను, బయట తక్కువగాను ఉన్నపుడే ఆవిరి బయటికి పోవును. వర్షాకాలమున మన తీరమందు బయటిగాలియే వెచ్చగా, ఆవిరితో నిండియుండును. కనుక చలిదేశములలో మెప్పుపొందిన ఖరీదైన పొర ఇక్కడ అదేరీతిగా పనిచేయునని ఆశింపరాదు.

ఇందువలన మేము చేయు సూచన యిది: ఆవిరి వదలు అంకెకంటె గాలి వచ్చు దారులకు ప్రాధాన్య మీయవలెను. చంకలక్రింద తెరచుటకు జిప్పులున్నవా? ముందరి జిప్పు పైనుండియు క్రిందినుండియు తెరచుకొనునా? ముంజేతుల అంచులు వదులు చేయవచ్చునా? ఇవి యున్న మధ్యరకపు కోటు, ఇవి లేని మేలురకపు కోటుకంటె మన కొండలలో ఎక్కువ సుఖము నిచ్చును.

తరువాత బరువు. నడకకై కుట్టిన తేలిక కోటులు చాలవరకు 200 మొదలు 350 గ్రాముల వరకు తూగును. అంతకు తక్కువవియు గలవు. కాని బట్ట పలుచనగుకొలది ముళ్లకు, సంచిపట్టెడల రాపిడికి ఓర్వదు. దారపు మందమును డెనియరులలో చెప్పుదురు; తొమ్మిదివేల మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియరులు. దినమంతయు సంచి మోయువారు మరీ పలుచని దానికి పోక, ఇరువది, నలుబది డెనియరుల నడుమనున్నది తీసికొనుట మేలు. పోర్టునకు, ఉక్కుకర్మాగారమునకు మోటారుసైకిలుపై పోవువారి దళసరి కోటు వారికి తగినదే. బండిపై కూర్చున్నవానికి గాలినాపుట ముఖ్యము, చెమట తక్కువ. నడచువాని అవసరము దానికి భిన్నము.

అంగడిలో కోటును చేతబట్టి చూచిన చాలదు. లోపలివైపు త్రిప్పి, కుట్లన్నింటిపైనను పట్టీ అతికించియున్నదా చూడవలెను. సూది గ్రుచ్చిన ప్రతి రంధ్రము నీటికి ద్వారమే. తొడుగుకొని రెండుచేతులు పైకెత్తవలెను. నడుముభాగము పైకి లేవరాదు. ముసుగు వేసికొని ప్రక్కకు తిరిగి చూడవలెను. తలతోపాటు ముసుగు తిరుగనిచో త్రోవ కనబడదు. ముసుగునకు గట్టి అంచున్నచో కన్నులలో నీరు పడదు. వీలైనచో సొంత వీపుసంచిని తీసికొనిపోయి కోటుపై తగిలించుకొని చూచుట మంచిది. జేబులు పట్టెడక్రింద పడినచో నిరుపయోగములు. ఉప్పుగాలికి లోహపు జిప్పులు త్రుప్పుపట్టును గనుక ప్లాస్టిక్ పండ్లు గలవి మనకు మేలు. నారింజ, పసుపు వంటి రంగులు పొగమంచులో తోడివారికి దూరమునుండి కనబడును.

గొడుగును తక్కువగా చూడరాదు. గాలిలేని వానలో, వెడల్పైన దారిలో, గొడుగునకు మించినది లేదు. మా అనంతగిరి నడకయే సాక్ష్యము. సంచితోసహా కప్పు పోంచో కూడ గాలి ఆడునట్టిదే, వెలయు తక్కువ. అయితే గట్టులమీది ఈదురుగాలికి రెండును లొంగవు. పొదలుగల ఇరుకుదారిలో పోంచో చిక్కుకొనును. పిడుగులు పడునపుడు గట్టుమీద గొడుగెత్తి నిలువరాదు. కనుక లోయదారికి గొడుగు, గట్టుదారికి కోటు అని రెండును వెంట నుంచుకొనువారు వివేకులు.

కొన్నదానిని కాపాడుటయు తెలియవలెను. క్రొత్త కోటుపై నీరు ముత్యములవలె జారిపోవుటకు పైనొక రసాయనపు పూత యుండును. మట్టి, చెమట, నూనె అంటి అది మందగించినచో పైబట్ట నీరు త్రాగి బరువెక్కును, ఆవిరి పోవు దారి మూసికొనును. అపుడు కోటు కారుచున్నదని పారవేయక, చీటీపైనున్న సూచనల ననుసరించి మెల్లని సబ్బుతో ఉతికి, నీడన ఆరబెట్టి, అనుమతియున్నచో పైన పలుచని గుడ్డ వేసి గోరువెచ్చని ఇస్త్రీ చేసినయెడల పూత కొంత కోలుకొనును. ఈ పూతలలో చిరకాలము వాడిన ఫ్లోరిన్ రసాయనములు ప్రకృతిలో నశింపవని తెలిసి పలుదేశములు వానిని తొలగించుచున్నవి. కాలిఫోర్నియా రాష్ట్రము 2025 జనవరినుండి చాలవరకు దుస్తులలో వానిని నిషేధించినది. జడివానల దుస్తులకు 2028వరకు గడువిచ్చినది. క్రొత్తరకపు పూతలు నూనెమరకల కంతగా ఓర్వవు గనుక వానిని మరింత తరచుగా ఉతుకవలసివచ్చును.

పాలియూరిథేన్ పూతకు తేమతోకూడిన వేడి పరమశత్రువు. తడికోటును మడచి బీరువాలో త్రోసినచో రెండు మూడేండ్లలో లోపలిభాగము జిగురుపట్టి పొరలుగా ఊడును. మన ఊరిలో కోటులు వానకంటె బీరువాలోనే ఎక్కువగా చెడుచున్నవి. పూర్తిగా ఆరబెట్టి, కొయ్యకు వ్రేలాడదీయుట మంచిది.

తుదకు ఒకమాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరముపైనే తీరము దాటినది. అట్టి గాలివానకు ఏ కోటును సమాధానము కాదు; వాతావరణశాఖ హెచ్చరిక యున్నపుడు నడక మానుటయే ఉపాయము. పొంగిన గెడ్డను దాటుటకు కోటు తోడ్పడదు. సాధారణపు వానకుగూడ కోటు కొంతసేపే కాపు. రెండుమూడు గంటల ఎక్కుడులో ఏదో విధముగా తడి లోపలికి చేరును. అందువలన కోటు వెల ఎంతయైనను, ఒక చొక్కా, ఒక ఉన్నిటోపీ, మేజోళ్లు ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచి అడుగున ఉంచి, బసకు చేరువరకు వానిని తీయకుండుట అలవాటు చేసికొనవలెను. ఆనాడు మా చిన్నవానిని కాపాడినది కోటు కాదు, ఆ కవరులోని చొక్కా.