తుపాకి గొట్టములోని మెలిక

తుపాకి గొట్టము లోపలి గోడపై మెలితిరిగిన గాళ్లను చెక్కు నేర్పు, అందలి కారణమును ఎవ్వరును శాస్త్రీయముగా విశదపఱుపకమునుపే, ఐరోపా పనివాండ్రకు తరతరములుగా తెలిసియుండెను. ఆ కారణమును 1747లో లండను రాయల్ సొసైటీవారి యెదుట వివరించినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్ల గణితజ్ఞుడు. ఈస్టిండియా కంపెనీ కోటలను పటిష్ఠపఱచుటకై మన తూర్పుతీరమునకు వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించిన ఈ మేధావిని మనవారు ఎఱుగకుండుట నాకు ఖేదకరము.

ఈ గాళ్లు గుండును తనచుట్టు తాను తిరుగునట్లు చేయును. గుండ్రని సీసపుగుండునకు స్వల్పభ్రమణమే చాలును. గుండు పొడవై మొనదేరినకొలదియు గాలి యొత్తిడి దాని గరిమనాభికి ముందువైపున పనిచేసి దానిని తలక్రిందులు చేయ యత్నించును; వేగముగా తిరుగు బొంగరము ఒరగక నిలుచునట్లే, ఆత్మభ్రమణబలమున మాత్రమే అది మొనను ముందుంచుకొని సాగగలదు. అందువలననే 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకిలో 78 అంగుళములకు ఒక చుట్టుగా నున్న మెలికను, సన్నని పొడవైన గుండును కోరిన ఆంగ్ల యంత్రనిర్మాత జోసెఫ్ విట్‌వర్త్ 20 అంగుళములకు బిగించెను. 1879లో వూలిచ్ సైనికవిద్యాలయపు ఆచార్యుడు గ్రీన్‌హిల్ దీనికొక సూత్రము నొసగెను: గుండు పొడవు దాని వ్యాసమునకు ఎన్ని రెట్లో ఆ సంఖ్యచే 150ని భాగింపగా, ఒక చుట్టునకు వలసిన దూరము వ్యాసముల లెక్కన లభించును. ఇందు బరువు ప్రసక్తియే లేదు, నిర్ణేత పొడవే.

ఈ సత్యమును ఉపేక్షించిన ఫలితమును అమెరికాలోని రెమింగ్టన్ సంస్థ అనుభవించెను. 1955లో విన్‌చెస్టర్‌వారు .243 తూటాను 10 అంగుళముల మెలికతోను, రెమింగ్టన్‌వారు .244 తూటాను 12 అంగుళముల మెలికతోను విపణికి తెచ్చిరి. రెండవది శక్తిలో ఏమాత్రమును తీసిపోనిదే. అయినను జింకలవేటకు 100 గ్రెయిన్ల బరువుగల పొడవైన గుండు కోరువారికి ఆ మెలిక నమ్మకము కలిగింపలేదు. తరువాత మెలికను 9 అంగుళములకు బిగించి, 1963లో పేరునే 6 మిల్లీమీటర్ల రెమింగ్టన్ అని మార్చినను, చేజారిన ఆదరణ మరలి రాలేదు. ఏఆర్-15 తుపాకికి మొదట నిర్ణయించిన 14 అంగుళముల మెలిక సైతము, శీతప్రదేశములందలి సాంద్రమైన గాలిలో గుండును నిలకడగా నిలుపలేకపోవుటచే, 1963లో 12 అంగుళములకు మారెను.

కావున తొలిసారిగా రైఫిల్ కొనువాడు గొట్టమును కాక, తాను ప్రయోగింపనున్న గుండును ముందుగా నిశ్చయించుకొనవలెను. .223 తూటాలో 55 గ్రెయిన్ల గుండునకు 12 అంగుళముల మెలిక సరిపోవును. 69 గ్రెయిన్లకు 9, 77 గ్రెయిన్లకు 8 ఉచితము. సీసము లేని రాగిగుండు అదే బరువునకు మఱింత పొడవగును గనుక దానికి ఇంకను బిగువైన మెలిక కావలెను. సందేహము కలిగినచో బిగువు మెలికనే వరించుట నా మతము. మెలిక చాలని గుండు అడ్డము తిరిగి, లక్ష్యపు కాగితమును తాళపుచెవి రంధ్రమువలె చీల్చును. పాత తుపాకిని కొనునప్పుడు, అందు తూటా లేదని రూఢిపఱచుకొని, బిగువైన గుడ్డ చుట్టిన స్వేచ్ఛగా తిరుగు శుభ్రపఱచు కడ్డీని లోనికి నెట్టుచు, దానిపై గీసిన గుర్తు ఒక పూర్ణచుట్టు తిరుగునంతలో కడ్డీ ఎన్ని అంగుళములు చొచ్చెనో కొలిచినచో, ఆ గొట్టపు మెలిక తేలిపోవును.