ఊరు వదిలితేనే ఇంటిపేరు!

బొబ్బిలి యుద్ధం అనగానే గుర్తొచ్చే బుస్సీ దొర అదే 1757లో మన విశాఖపట్నాన్ని కూడా ఇంగ్లీషువాళ్ల నుంచి లాక్కున్నాడు. ఆయన అసలు ఇంటిపేరు పాతిసియే. ఫ్రెంచిలో ఆ మాటకు కేకులు, పేస్ట్రీలు చేసేవాడని అర్థం! బుస్సీ అనేది ఊరి పేరు. అక్కడ ఆ పేరుతో చాలా ఊళ్లున్నాయి. ‘ద బుస్సీ’ అంటే బుస్సీవాడు. మన ఇంటిపేరు లాంటిదే కదా?

గురజాడ అప్పారావుగారినే తీసుకోండి. 1862లో ఆయన పుట్టింది మన వైపు ఎస్.రాయవరంలో. గురజాడ ఊరేమో కృష్ణా జిల్లాలో ఉంది. ఇందులో లాజిక్ సింపుల్. గురజాడలో ఉన్నంతకాలం అందరూ గురజాడవాళ్లే, ఆ పేరుతో ఎవర్నీ విడిగా గుర్తుపట్టలేం. బయటికొచ్చాకే ‘వాళ్లా? గురజాడవాళ్లు’ అంటారు. ఊరు వదిలినవాళ్లకే ఊరు ఇంటిపేరవుతుంది.

మన సిటీకి మాత్రం పేర్లకు కొదవే లేదు. విశాఖుడంటే కుమారస్వామి. వైశాఖేశ్వరుడి గుడి సముద్రంలో మునిగిపోయిందని పెద్దలు చెప్పే కథ. చోళుల కాలంలో కులోత్తుంగచోళపట్నం అన్నారు. ఇంగ్లీషువాళ్ల నోట్లో వైజాగపటం అయింది. ఎయిర్‌పోర్టు కోడ్ ‘వీటీజెడ్’లో జెడ్ అక్కడిదే. రైల్వే స్టేషనైతే చాలాకాలం వాల్తేరే!

మరి స్టీల్‌ప్లాంటు కోసం ఖాళీ అయిన ఊళ్ల సంగతి? 1966లో ఉద్యమం, 1971లో శంకుస్థాపన, ఆ తర్వాత భూసేకరణ. పాత పద్ధతే నడిస్తే, అక్కణ్నుంచి గాజువాక వైపు వచ్చినవాళ్లకు ఆ ఊళ్లే ఇంటిపేర్లయ్యేవి. కానీ అప్పటికే ఇంటిపేర్లు స్కూలు సర్టిఫికెట్లలో ఫిక్సయిపోయాయి. ఇప్పుడు మా ఆఫీసు లాగిన్‌లో ఇంటిపేరంటే ఒక్క అక్షరం, అంతే. నాకైతే ఇది పెద్ద నష్టమే అనిపిస్తుంది. గురజాడ ఇప్పటికీ మ్యాప్‌లో ఉంది. ఈ ఊళ్లలో చాలావాటికి ఆ అదృష్టం కూడా లేదు.

ఆ పేర్లు మిగిలింది నిర్వాసితుల ఆర్-కార్డుల్లో, ముసలివాళ్ల మాటల్లో. మా ఫ్రెండ్ వాళ్ల తాతను ‘మీదే ఊరు తాతా?’ అని అడిగితే ముందు గాజువాక అంటాడు. కాసేపు ఆగి, అడక్కుండానే, ఇంకో పేరు చెబుతాడు.