తుప్పు మీద ఇసుక తుపాను!

గేటుకు పట్టిన తుప్పు నిమిషాల్లో రాలిపోతుంది. చూస్తుండగానే ఇనుము వెండిలా మెరుస్తుంది. అదే శాండ్‌ బ్లాస్టింగ్‌. ఇంట్లోనే చేసుకోవచ్చా అంటే... చేసుకోవచ్చు. ఇసుక మాత్రం వాడకూడదు!

సింధియా దాటి, డాల్ఫిన్స్‌ నోస్‌ కొండెక్కి అవతలికి దిగితే యారాడ. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. సెలవురోజు చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఆ గాలి ఎంతో హాయి. అక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లని అడిగితే తెలుస్తుంది అసలు సంగతి. కిటికీ గ్రిల్లు, గేటు, మేడ మెట్ల రెయిలింగు, సైకిలు... ఇనుమన్నది కనిపిస్తే చాలు, ఉప్పుగాలి కొరికేస్తుంది. వైరు బ్రష్షుతో రుద్దితే పైపైన తుప్పు పోతుంది కానీ, గుంటల్లో దాక్కున్నది పోదు. దానిమీదే రంగేస్తే నాలుగు నెలలకు పొక్కులొస్తాయి.

మరి ఓడల సంగతేంటి? 1948లో ‘జలఉష’ను నీళ్లలోకి దించిన విశాఖకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఓడకు రంగేసే ముందు దాని ఒంటిని గరుకు రేణువులతో కొట్టి శుభ్రం చేస్తారు. 1870లో అమెరికాకు చెందిన బెంజమిన్‌ టిల్గ్‌మన్‌ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. గాలి ఒత్తిడితో రేణువులను చిమ్మితే తుప్పూ పాతరంగూ ఊడిపోతాయి. పైగా ఇనుము కాస్త గరుకుదేలి, కొత్తరంగు గట్టిగా పట్టుకుంటుంది.

ఎదురుగా ఉంది కదా అని...
యారాడలో ఇసుకకు కరువేముంది, బకెట్టుతో తెచ్చుకుంటే పోలా అనిపిస్తుంది. అక్కడే పొరపాటు! ఆ ఇసుకలో ఉప్పుంటుంది. తుప్పును వదిలించడానికి తుప్పు విత్తనాలు చల్లినట్టే. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇసుకలోని క్వార్ట్జ్‌, అంటే సిలికా. ఇనుముకు కొట్టుకుని అది పగిలినప్పుడు కంటికి కనిపించని ధూళి లేస్తుంది. వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండని ఆ రేణువులు నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి వెళ్లి మచ్చలు కడతాయి. దాని పేరే సిలికోసిస్‌. ఒకసారి వస్తే నయం చేసే మందు లేదు. క్షయ సోకే ముప్పూ పెరుగుతుంది. చాలామందిలో ఏళ్ల తరవాతగానీ బయటపడదు. మన ఫ్యాక్టరీల చట్టం దీన్ని ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. జీన్సుకు పాతబడిన లుక్కు తెప్పించడానికి ఇసుక చిమ్మిన కుర్రాళ్లు ఈ జబ్బుతో చనిపోవడంతో టర్కీ 2009లో ఆ పనిని నిషేధించింది. ముక్కుకు కట్టుకునే జేబురుమాలు దీన్ని ఆపలేదు.

ఇంట్లో ఎలా?
చిన్న వస్తువులకైతే గాజు కిటికీ, లోపలికి చేతులు పెట్టే పొడవాటి గ్లౌజులు ఉన్న మూతపెట్టె వాడాలి. దీన్ని బ్లాస్టింగ్‌ క్యాబినెట్‌ అంటారు. పెట్టెకు ధూళి లాగే యంత్రం ఉండాల్సిందే. ఇసుకకు బదులు గార్నెట్‌, గాజుపూసలు లేదా అల్యూమినియం ఆక్సైడ్‌ కొనుక్కోవాలి. గార్నెట్‌ మన తీరపు ఇసుకలోనూ ఉంటుంది. అయితే అందులో సిలికా కలిసే ఉంటుంది కాబట్టి, శుద్ధిచేసి అమ్మేదే వాడాలి.

ఒక హెచ్‌పీ కంప్రెషర్‌ నిమిషానికి మూడు నాలుగు ఘనపుటడుగుల గాలే ఇస్తుంది. చిన్న గన్నుకు కూడా ఆరు నుంచి పది కావాలి. అందుకే రెండు మూడు హెచ్‌పీలది తప్పదు. సముద్రపుగాలిలో తేమ ఎక్కువ కాబట్టి ట్యాంకులో నీరు చేరుతుంది. తడి తగిలితే రేణువులు ముద్దకట్టి గొట్టం మూసుకుపోతుంది. గొట్టానికి తేమ పట్టే ఫిల్టరు పెట్టి, ట్యాంకు నీళ్లు రోజూ వదిలేయాలి.

పని మొదలుపెట్టే ముందు వస్తువును మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. లేకపోతే పైనున్న ఉప్పు గుంటల్లోకి దిగుతుంది. బ్లాస్టింగ్‌ అయ్యాక చేత్తో ముట్టుకోవద్దు. యారాడలాంటి చోట నాలుగు గంటల్లోపే ప్రైమరు పడాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ పని మర్నాటికి వాయిదా వేయడమే మేలు. వానాకాలంలో కన్నా పొడిగా ఉండే చలికాలపు పగటిపూట అనుకూలం.

గేటు సంగతి?
పెద్ద గేటును పెరట్లో చిమ్మడం మాత్రం వద్దు. బయటి గాలి అందించే హెల్మెట్‌ లేకుండా ఆ పని చేయకూడదు. పైగా ఆ దుమ్ము పక్కింటి బావిలోకీ, ఆరేసిన బట్టల మీదికీ, ఆడుకునే పిల్లల ముక్కుల్లోకీ వెళుతుంది. ఇళ్ల రంగుల్లో సీసానికి దేశంలో కట్టుదిట్టమైన పరిమితి వచ్చింది 2017 నవంబరు నుంచే. అంతకుముందు వేసిన రంగు ఊడదీస్తే సీసం కూడా గాల్లో కలవొచ్చు. గేటును విప్పి, మూసిన గదిలో పనిచేసే వర్క్‌షాపుకు పంపడమే మంచిది. పంపే ముందు ‘మీరు వాడేది ఇసుకా, గార్నెట్టా’ అని అడగండి. ఇసుకే అంటే వెనక్కి తెచ్చేయండి. అక్కడ గన్ను పట్టుకున్న కుర్రాడూ ఓ ఇంటి బిడ్డే కదా!

తుప్పు పడితే గేటు మార్చుకోవచ్చు. ఊపిరితిత్తులకు మాత్రం విడిభాగాలు దొరకవు.